గేరు మార్చేది ఎవరు?

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్ని అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి, కానీ చేతుల నిండా ఆయిల్. "తాతయ్యా, నీ పాత కారుకి క్లచ్ పెడల్ లేదు కదా, మరి గేరు ఎవరు మారుస్తారు?" అనే కదూ అడిగావు? ఈ కారుకి క్లచ్ పెడలే కాదు, గేరు లివరు కూడా లేదమ్మా. 1964 నాటి కారు ఇది. డాష్‌బోర్డు మీద బటన్లుంటాయి, వేలితో నొక్కడమే. బటన్లకు ఆ ఏడాది మోడళ్ళే ఆఖరు. మరుసటి ఏడాది మోడళ్ళ నుంచి దీన్ని చేసిన అమెరికా కంపెనీ క్రిస్లర్ వాళ్ళు బటన్లు మానేసి లివర్లు పెట్టారు. బుజ్జికి ఈ సంగతి చెప్పు, ఎగిరి గంతేస్తాడు.

ఇక నీ ప్రశ్న. ఈ కారుది తనంతట తానే గేరు మార్చుకునే ఆటోమేటిక్ గేర్ బాక్సు. అసలు విషయం ఏమిటంటే, ఆ పెట్టెలో గేర్లు జరగవు, విడిపోవు. ఏ పన్ను ఏ పన్నుతో కలిసి ఉండాలో అలా కలిసే ఉంటాయి. మరి కారు ఒకటో గేరు నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి ఎలా పోతుంది? ఒక ఆట చెప్తాను, దానితో తెలుస్తుంది.

ఈ ఆటలో పిల్లలే గేర్లు. నడుమ నువ్వు నిలబడు. నీ చుట్టూ ముగ్గురు, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఒక జట్టుగా ఉండాలి. వాళ్ళ వెలుపల మిగతా పిల్లలంతా పెద్ద వలయం. ఈ వరస చేతులు ఆ వరస చేతుల్లో ఉంటాయి కాబట్టి ఒకరు తిరిగితే పక్కవాళ్ళు కదలక తప్పదు. ఇప్పుడు నువ్వు గిరగిరా తిరుగు. ఎవరినీ ఎవరూ ఆపలేదనుకో, అందరూ ఇష్టమొచ్చినట్టు తిరుగుతారు, పని మాత్రం జరగదు. అది న్యూట్రల్. బుజ్జి వచ్చి బయటి వలయాన్ని కదలకుండా పట్టుకున్నాడనుకో, అప్పుడు నీ చుట్టూ ఉన్న ముగ్గురూ నువ్వు తిరిగే వైపే, నీకంటే నెమ్మదిగా, నీకంటే బలంగా తిరుగుతారు. నీకు 30 పళ్ళు, వలయానికి 60 పళ్ళు ఉంటే, నువ్వు 3 చుట్లు తిరిగేసరికి వాళ్ళు 1 చుట్టు. ఈసారి వలయాన్ని వదిలేసి ఆ ముగ్గురిని పట్టుకోమను. బయటి వలయం వెనక్కి తిరగడం మొదలెడుతుంది! నువ్వు 2 చుట్లు ముందుకి, వలయం 1 చుట్టు వెనక్కి. అదే రివర్స్ గేరు. ఏ ఇద్దరినైనా కట్టి పడేస్తే అంతా ఒకే ముద్దగా తిరుగుతారు. అది టాప్ గేరు.

అంటే గేరు మారడమంటే ఎవరిని పట్టుకున్నాం, ఎవరిని వదిలాం అన్నదే. ఈ కారులో ఇలాంటి ఆటలు రెండు పక్కపక్కనే నడుస్తాయి, రెండింటికీ నడుమ ఉండే పిల్ల ఒక్కతే. అందుకే ఒకటో గేరులో ఇంజను 2.45 చుట్లు తిరిగితే చక్రాలను తిప్పే వెనక షాఫ్టు 1 చుట్టు, రెండులో 1.45కి 1, మూడులో సరిసమానం.

మరి పట్టుకునే చేతులేవి? ఉక్కు పట్టీలు రెండు, ప్లేట్ల కట్టలు రెండు. పట్టీ ఒక డ్రమ్ము చుట్టూ నడుం పట్టుకున్నట్టు బిగుస్తుంది. ప్లేట్ల కట్టలో ఒక ఉక్కు ప్లేటు, ఒక గరుకు పూత ప్లేటు, అలా వరసగా ఉంటాయి. వెనక నుంచి ఆయిల్ నెట్టితే అన్నీ అతుక్కుపోయి కలిసి తిరుగుతాయి. ఆ నెట్టే పిస్టన్ అంచున రబ్బరు సీలు ఉంటుంది. అరవై ఏళ్ళ వేడికి ఆ రబ్బరు గట్టిపడి ఆయిల్‌ను పక్క నుంచి జారనిస్తుంది. పట్టు సడలుతుంది. ఇంజను గోల పెడుతుంది, కారు మాత్రం కదలదు. మా కారుకి వచ్చిన జబ్బు ఇదే. విప్పి చూస్తే గేర్లు నిన్న చేసినట్టు మెరుస్తున్నాయి! ఇంత బరువైన పెట్టెను కూలదోసింది గాజులంత రబ్బరు రింగులు. అందుకే నేను గేర్లను కడిగి పక్కన పెట్టి, రోజంతా ఈ రింగుల చుట్టూనే తిరుగుతున్నాను.

ఎప్పుడు పట్టుకోవాలో చెప్పేది ఎవరని అడుగుతావు. ఆయిల్‌ను ఎటు పంపాలో చూసే ఒక వాల్వు. దాన్ని అరుగు మీద కూర్చున్న నానమ్మ అనుకో. ఆవిడకు రెండు చెవులు. ఒక చెవిలో కారు వేగం, రెండో చెవిలో డ్రైవరు కాలు ఎంత నొక్కాడన్న కబురు. రెండూ ఆయిల్ నెట్టే బలంగానే వస్తాయి. వేగం పెరిగిన కొద్దీ ఒక వైపు నెట్టు పెరుగుతుంది, కాలు నొక్కిన కొద్దీ రెండో వైపు నెట్టు పెరుగుతుంది. వేగం గెలిచిన క్షణాన వాల్వు పక్కకి జరుగుతుంది, గేరు మారుతుంది. అందుకే కాలు గట్టిగా తొక్కితే గేరు ఆలస్యంగా మారుతుంది. ఈ నానమ్మకు కంప్యూటరు లేదు, ఒక్క కరెంటు తీగ లేదు. అంతా ఆయిల్ లెక్కే. (నానమ్మ పోలిక కొంచెం కుంటుతోంది, నిజమే. ఏ నానమ్మా చెరో చెవిలో నెడితే పక్కకి జరగదు. పోనీ.)

నాకు ముచ్చటేసేది రెండు నుంచి మూడుకి వెళ్ళే క్షణం. ఒక పట్టీ వదలాలి, ఒక ప్లేట్ల కట్ట పట్టాలి, ఒకే సమయంలో. ముందే పట్టేస్తే ఇద్దరూ పెనుగులాడతారు. ఆలస్యంగా పడితే ఇంజను ఒక్కసారి అరుస్తుంది. పట్టీ బిగింపు కూడా అంతే. స్క్రూను పుస్తకం చెప్పినంత బిగించి, మళ్ళీ లెక్క ప్రకారం వెనక్కి వదులు చేయాలి. వదలకపోతే పట్టీ డ్రమ్మును రాసుకుంటూనే ఉండి మాడిపోతుంది. బొమ్మల కోసం మీరిద్దరూ చేసే పెనుగులాటలో కూడా ఎవరో ఒకరు కాస్త వదులు చేస్తే బాగుంటుంది, అదీ చెప్పేశాను.

నా చిన్నప్పుడు షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. ఇంజను నడుస్తుంటే పొడవాటి స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "ఇదిగో, ఈ బేరింగు ఏడుస్తోంది" అనేవాడు. మేమూ చెవి పెట్టేవాళ్ళం, మాకు వినపడేది గర్‌ర్‌ మనే చప్పుడే. విప్పిన సామాన్లను పరచిన గుడ్డ మీద విప్పిన వరసలోనే పెట్టేవాడు, పొరపాటున ఎవరైనా ఆ గుడ్డను తొక్కితే ఆ పూట తిట్లే. ఆయన చెయ్యి ఆటోమేటిక్ గేర్ బాక్సు మీద ఎన్నడూ పడలేదు. కానీ ఇవాళ నేను ఈ పని చేస్తున్నది ఆయన గుడ్డను చూసి నేర్చుకున్న బుద్ధితోనే.

ఇందులో శుభ్రమే సగం పని. నూలు పోగులు రాలే గుడ్డ ఈ గదిలోకి రానివ్వను. ఒక్క పోగు వాల్వు సందులో చిక్కుకుంటే నానమ్మ మొరాయిస్తుంది. కొత్త ప్లేట్లను బిగించే ముందు ఆయిల్‌లో నానబెట్టాలి. చిన్న ఉక్కు గుండ్లు జారిపోకుండా పెట్రోలియం జెల్లీ అద్దుతాను, గ్రీజు కాదు. జెల్లీ తర్వాత ఆయిల్‌లో కరిగిపోతుంది, గ్రీజు మాత్రం సందుల్లో అడ్డం పడుతుంది. అంతా బిగించాక, కళ్ళజోడు పెట్టుకుని, ఆయిల్ దారుల్లోకి గాలి ఊదితే లోపల పిస్టన్ "ధబ్" మంటుంది. ఆ చప్పుడు రాకపోతే మళ్ళీ మొదటికి.

ఆ ఎర్రటి ఆయిల్ గురించి ఒక మాట. దాదాపు 1970 వరకు ఇలాంటి ఆయిల్‌లో తిమింగలం నూనె కలిపేవారు. ప్లేట్లు కుదుపు లేకుండా పట్టుకోవాలంటే అంత మంచిది దొరకలేదు మరి. తిమింగలాలు తరిగిపోతున్నాయని అమెరికాలో చట్టం అడ్డుపడ్డాక వేరే రసాయనాలు వెతుక్కున్నారు. మన కుదుపు తగ్గడానికి సముద్రంలో అంత పెద్ద జీవి ప్రాణం పోవాలా అనుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంకొకటుంది, టార్క్ కన్వర్టరు. ఇంజనుకీ ఈ పెట్టెకీ మధ్య ఉంటుంది. అందులో ఒక సగం రెక్కలతో ఆయిల్‌ను విసురుతుంది, ఎదుటి సగం ఆ విసురుకి తిరుగుతుంది. రెంటినీ కలిపే ఇనుప ముక్క లేదు! సిగ్నల్ దగ్గర ఇంజను తిరుగుతూనే ఉంటుంది, కారు ఆగే ఉంటుంది. పైగా బయల్దేరేటప్పుడు ఇంజను ఇచ్చిన బలాన్ని దాదాపు రెట్టింపు చేసి ఇస్తుంది. అదెలాగో కాగితం మీద పెట్టడం నా వల్ల కావడం లేదు. చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

అందుకే దాన్ని ఎక్కించే పని మీ సెలవుల దాకా ఆపుతాను. కన్వర్టరును తిప్పుతూ లోపలికి నెట్టాలి. మూడు మెట్లుగా దిగుతుంది. రెండు మెట్లు దిగగానే అయిపోయిందనుకుని బోల్టులు బిగిస్తే లోపల పంపు పగిలిపోతుంది. బరువు నేను పట్టుకుంటాను, నెమ్మదిగా తిప్పడం, మెట్లు లెక్కపెట్టడం చిన్ని పని. కారు స్టాండ్ల మీద గట్టిగా కూర్చుందో లేదో నేను చూసి పిలిచేదాకా బుజ్జి దాని కిందికి దూరకూడదు. పాత బట్టలు తెచ్చుకోండి, ఎర్ర మరకలు పోవు.

ఇట్లు,
మీ తాతయ్య