చూసింది నిజమే, చెప్పుకున్న కారణమే వేరు

ఆకాశం నుంచి రాళ్లు పడ్డాయని ఊరు ఊరంతా సంతకాలు పెట్టి పంపిస్తే, చదువుకున్న పెద్దమనుషులు ఎకసెక్కం చేశారు. 1790 జూలైలో, ఫ్రాన్స్ నైరుతి మూలన ఉన్న బార్బోటాన్ దగ్గర జరిగిన సంగతి ఇది. రాత్రివేళ కళ్లు చెదిరే వెలుగు, వెంటనే ఉరుముల్లాంటి చప్పుళ్లు, ఆ పైన రాళ్లు. సుమారు 300 మంది మేం చూశామని వాంగ్మూలం ఇచ్చారు. అది చదివిన ఒక శాస్త్రవేత్తకు జాలి కలిగింది, రాళ్ల మీద కాదు, ఇలాంటి కట్టుకథను అధికారికంగా ధ్రువీకరించిన ఆ ఊరి మీద!

అంతకుముందు 1768లో కూడా ఇంతే. ఫ్రాన్స్‌లోనే లూసే అనే చోట పొలంలో పనిచేసుకుంటున్నవాళ్లు పెద్ద చప్పుడు విని తలెత్తారు, రాయి పడటం చూశారు, దగ్గరికి వెళ్తే అది వేడిగా ఉంది. ఆ రాయిని పరీక్షించిన బృందంలో లావోయిజర్ ఉన్నాడు, అవును, రసాయనశాస్త్రం పాఠాల్లో మనం చదువుకున్న ఆయనే. అది భూమి మీది రాయేనని, బహుశా పిడుగు పడి అలా అయిందని ఆ బృందం తేల్చింది. ఆ కాలపు లెక్క ప్రకారం అది తెలివితక్కువ మాటేమీ కాదు. ఆకాశంలో రాళ్లే లేనప్పుడు అవి ఎక్కడి నుంచి పడతాయి?

ఈ చిక్కుముడి విప్పడం మొదలుపెట్టింది ఎర్నెస్ట్ క్లాడ్నీ అనే జర్మన్. ఆయనకు పేరు తెచ్చింది ధ్వనిశాస్త్రం, కాలేజీలో చదివింది మాత్రం న్యాయశాస్త్రం. పాత కాగితాల్లో దొరికిన సాక్ష్యాలన్నీ ముందేసుకుని లాయరు చదివినట్టు చదివాడు. ఒకరికొకరు పరిచయం లేనివాళ్లు, వేరువేరు దేశాలవాళ్లు, వేరువేరు కాలాలవాళ్లు ఒకే వరసలో ఒకే విషయం చెప్తున్నారంటే వాళ్లంతా కూడబలుక్కుని అబద్ధం చెప్పే అవకాశం ఎంత? ఆ రాళ్లు అంతరిక్షం నుంచే వస్తున్నాయని 1794లో పుస్తకం వేస్తే దానికీ నవ్వినవాళ్లున్నారు. తర్వాత 1803 ఏప్రిల్ 26న, పట్టపగలు, లెగ్ల్ అనే ఫ్రెంచ్ పట్టణం దగ్గర దాదాపు 3000 రాళ్లు కురిశాయి. జాన్ బాప్టిస్ట్ బియో అనే యువ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి ఊరూరా తిరిగాడు, కనిపించిన ప్రతివాళ్లనీ అడిగాడు, రాళ్లు ఎక్కడెక్కడ పడ్డాయో మ్యాపు గీశాడు. ఆయన నివేదికతో ఆ వాదన దాదాపు ముగిసిపోయింది. పొలంలో పనిచేసేవాళ్లు ఎప్పటి నుంచో చెప్తున్న మాటకు అప్పుడు సైన్సు ముద్ర పడింది.

ఇలాంటి కథలు చదివే కొద్దీ నాకు అర్థమయ్యేది ఏంటంటే, జనం చెప్పే మాటలో రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి కంటికి కనిపించింది, రెండోది దానికి వాళ్లు చెప్పుకున్న కారణం. మొదటిది చాలాసార్లు నమ్మదగ్గదే, రెండోది చాలాసార్లు తప్పు. రెండోది తప్పని మొదటిదాన్ని కూడా పారేస్తే సైన్సుకే నష్టం, మొదటిది నిజం కదా అని రెండోదాన్ని కూడా నమ్మేస్తే మనకు నష్టం.

1833 నవంబరులో అమెరికా మీద ఉల్కలు వానలా కురిశాయి, గంటకు పదుల వేలల్లో అని అంచనా. లోకం అంతమైపోతోందని చాలామంది మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థనలు చేశారు. యేల్ కాలేజీలో పాఠాలు చెప్పే డెనిసన్ ఓమ్‌స్టెడ్‌ని ఇరుగుపొరుగు నిద్ర లేపితే ఆయన కూడా చూశాడు. తెల్లారాక ఆయన చేసిన పని నాకు భలే నచ్చింది: మీరేం చూశారో రాసి పంపండి అని పేపర్లో వేయించాడు. నిన్న రాత్రి ప్రళయం వచ్చిందనుకున్న జనమే ఉత్తరాలు రాశారు. వాటిని బట్టి తేలిందేమంటే, ఉల్కలన్నీ సింహరాశిలోని ఒకే చోటు నుంచి చిమ్ముతున్నట్టు కనిపించాయి, రాత్రి గడిచే కొద్దీ ఆ రాశి ఆకాశంలో జరుగుతుంటే ఆ చోటు కూడా దాంతోపాటే జరిగింది. అంటే వాటి మూలం మన వాతావరణంలో లేదు, బయట ఉంది. ఆ ఉల్కలు ఒక తోకచుక్క వదిలిన ధూళి అని 1860ల్లో తెలిసింది.

క్రాకటోవా సంగతి కూడా ఇలాంటిదే. 1883 ఆగస్టులో ఇండోనేషియాలో ఆ అగ్నిపర్వతం పేలితే, నవంబరు చివర్లో న్యూయార్క్ వైపు పడమటి ఆకాశం ఎంత ఎర్రగా మారిందంటే ఎక్కడో పెద్ద మంటలు అంటుకున్నాయని ఫైరింజన్లు బయల్దేరాయి. మంటలు లేవు, కానీ ఆకాశం ఎర్రగా ఉన్నది నిజం. పేలుడులో పైకి ఎగసిన సన్నని కణాలు, మబ్బుల కంటే పైనుండే స్ట్రాటోస్ఫియర్‌ అనే గాలి పొరలో పరుచుకుని సూర్యాస్తమయం రంగు మార్చేశాయి. ఏ తేదీన ఏ ఊళ్లో వింత రంగులు కనిపించాయో లోకం నలుమూలల నుంచీ వచ్చిన కబుర్లను లండన్ రాయల్ సొసైటీ పోగేసి 1888లో పెద్ద నివేదిక వేసింది. ఆ కణాల మేఘం భూమధ్యరేఖ వెంట తూర్పు నుంచి పడమరకు దాదాపు రెండు వారాల్లో భూమి చుట్టేసిందని దాంతో తెలిసింది. అంత ఎత్తులో గాలి ఎటు వీస్తుందో కొలిచే సాధనమే లేని రోజుల్లో!

సరే, జనాన్ని ఇంతలా వెనకేసుకొస్తున్నాను కానీ, పుకార్ల సంగతేంటి? 1910లో హేలీ తోకచుక్క తోకలో సయనోజెన్ అనే విషవాయువు ఉందని, దాని కాంతిని రంగులుగా విడదీసి చూస్తే (వర్ణపటంలో) తేలింది, మే నెలలో భూమి ఆ తోకలోంచి వెళ్తుందని లెక్క తేలింది. రెండూ నిజాలే. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పేపర్లు రాసేసరికి జనం తాళం కప్పల కన్నాల్లో కాగితాలు కుక్కుకున్నారు, తోకచుక్క మాత్రలు కొనుక్కున్నారు. తోకలోని వాయువు ఎంత పలచగా ఉంటుందన్న అసలు ముక్క హెడ్డింగుల కింద పడి నలిగిపోయింది. ఇక్కడ నేను జనాన్ని పెద్దగా తప్పుపట్టను, ఎందుకంటే తోకలో విషం ఉందన్నది వాళ్లు కళ్లతో చూసిన విషయం కాదు, ఎవరో చెప్తే విన్నారు, విన్నది సగమే.

కొత్త ఆవిష్కరణల దగ్గర చిక్కంతా ఇదే. ఉల్కను ఎవరైనా చూడొచ్చు, కానీ ఎక్స్-రే ఏంటో చూడాలంటే ఇంకొకరి మాట మీద ఆధారపడాలి. 1895 చివర్లో ఎక్స్-రేలను కనిపెట్టిన రాంట్‌జెన్ తన భార్య చేతి ఎముకల ఫొటో తీసి, ఆ వార్త 1896 జనవరిలో బయటకు రాగానే, ఇక బట్టల్లోంచి చూసేస్తారేమోనని జనానికి టెన్షన్ పట్టుకుంది. లండన్‌లో ఎక్స్-రే సోకని లోదుస్తులంటూ ప్రకటనలు కూడా వచ్చాయి. నవ్వొస్తుంది గానీ, అసలు ప్రమాదం ఇంకో వైపు ఉంది. ఎడిసన్ దగ్గర ఎక్స్-రే గొట్టాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు రేడియేషన్‌కు పాడైపోయాయి, వాటిని తీసేసినా క్యాన్సర్ ఆగక 1904లో చనిపోయాడు. ఆ తర్వాత కూడా 1920ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు పిల్లల పాదాలకు బూట్లు సరిపోయాయో లేదో చూడటానికి షాపుల్లో ఎక్స్-రే యంత్రాలు పెట్టారు, పిల్లలు సరదాగా కాళ్లు పెట్టి తమ ఎముకలు తామే చూసుకునేవారు. భయపడాల్సిన వస్తువు దగ్గరే భయపడ్డారు, కాకపోతే దేనికి భయపడాలో తెలియలేదు.

ఇక 2019 ఏప్రిల్‌లో బ్లాక్ హోల్ తొలి చిత్రం వచ్చినప్పుడు, "ఇంతేనా, ఇంత మసగ్గా ఉందేంటి" అన్నవాళ్లు ఉన్నారు. ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించదు, నిజంగానే మసగ్గా ఉంది. 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదాన్ని చూడటమంటే చంద్రుడి మీద పెట్టిన నారింజ పండును ఇక్కడి నుంచి చూడటం లాంటిదని చెప్పిన పోలిక కూడా ఫొటోతో పాటే అందరికీ చేరి ఉంటే, ఆ మసక ఎందుకో ఎవరికైనా అర్థమయ్యేది.

2016 ప్రాంతంలో కెనడాలో ధ్రువకాంతుల (అరోరాల) ఫొటోలు తీసే ఔత్సాహికులు ఆకాశంలో ఒక ఊదారంగు పట్టీని గమనించారు. దాన్ని ప్రోటాన్ ఆర్క్, అంటే ప్రోటాన్లనే కణాల వల్ల వచ్చే కాంతి పట్టీ అనుకుంటుంటే, అది కాదని, ప్రోటాన్ల వల్ల వచ్చే కాంతి కంటికి అలా కనిపించదని ఒక శాస్త్రవేత్త చెప్పాడు. మరేంటో ఎవరికీ తెలియదు కాబట్టి సరదాగా స్టీవ్ అని పేరు పెట్టేశారు. యూరప్ వాళ్ల స్వార్మ్ ఉపగ్రహం దానిలోంచి వెళ్లినప్పటి కొలతలు చూస్తే, సుమారు 25 కిలోమీటర్ల వెడల్పున్న వాయుప్రవాహం, సెకనుకు 6 కిలోమీటర్ల వేగం, చుట్టుపక్కల కంటే 3000 డిగ్రీలు ఎక్కువ వేడి. 2018లో పరిశోధన పత్రం వచ్చింది, పేరు మాత్రం స్టీవే. ఇక్కడ కూడా పెట్టుకున్న కారణం తప్పు, చూసింది కొత్త విషయం.

2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద దాదాపు 20 మీటర్ల రాయి ఒకటి వాతావరణంలో పేలింది. సూర్యుడిని మించిన వెలుగు. ఏంటా అని జనం కిటికీల దగ్గరికి పరిగెత్తారు. వెలుగు వెంటనే వచ్చేసింది, పేలుడు అల మాత్రం ధ్వని వేగంతో వస్తుంది కాబట్టి దానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. అద్దాల ముందు నిలబడి చూస్తుండగా అద్దాలే మీద పడ్డాయి. సుమారు 1500 మంది ఆస్పత్రులకు వెళ్లారు, ఎక్కువ మందికి తగిలింది గాజుముక్కలే. ఒక బడిలో మాత్రం ఒక టీచరమ్మ, ఆ వెలుగేంటో తనకూ తెలియకపోయినా, నాలుగో తరగతి పిల్లలను బెంచీల కింద దూరమని చెప్పింది. ఆమె చేతికి గాయమైంది, పిల్లలకు గీత కూడా పడలేదు.

కార్లలోని కెమెరాలకూ, వీధి కెమెరాలకూ చిక్కిన వీడియోల్లో నీడలు ఎటు కదిలాయో కొలిచి, ఆ రాయి ఏ కక్ష్యలో వచ్చిందో కొద్ది రోజుల్లోనే లెక్కకట్టేశారు. కాబట్టి అలాంటి వెలుగు ఎప్పుడైనా కనిపిస్తే ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లకండి, వీడియో ఎలాగూ వీధి కెమెరా తీస్తుంది, మీరు కనీసం ఐదు నిమిషాలు అద్దాలకు దూరంగా బల్ల కిందే ఉండండి.