పికాకు పెట్టిన విషం, గ్రౌండ్ టిట్‌కు తగిలిన దెబ్బ

టిబెట్ పీఠభూమిలో గడ్డి నేలలు బీడవుతున్నాయన్న మాట వచ్చిన ప్రతిసారీ నేరం పికా మీదే పడుతుంది. పికా అంటే గుప్పెడంత జంతువు, కుందేలుకు దగ్గరి చుట్టం. దానికి విషం పెట్టినప్పుడు నష్టపోయే పక్షుల్లో గ్రౌండ్ టిట్ అనే చిన్న పక్షి ఒకటి. పికా మీద జరిగే చర్చలో దాని ఊసు పెద్దగా రాదు.

1871లో పక్షి శాస్త్రవేత్త హ్యూమ్ ఈ పక్షిని వర్ణించాడు. దాన్ని కాకుల కుటుంబంలో పెట్టారు, 2003లో అది టిట్ అనే చిన్న పక్షుల కుటుంబానిదని తేలింది. ఇక్కడ ముఖ్యం దాని గూడు. 3,000 మీటర్ల పైన, చెట్టన్నది లేని చోట ఇది నేల లోపలే పిల్లల్ని పెంచుతుంది. బొరియ తానే తవ్వుకోగలదు, పికా బొరియల్లోనూ గూడు పెడుతుంది.

పికాలను చంపే పని చైనాలో 1950ల చివర్లోనే మొదలైంది. మొదట జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు వాడారు, తర్వాత బాక్టీరియా నుంచి వచ్చే బోటులినమ్ టాక్సిన్ అనే విషం. పికా తినే గడ్డి యాక్‌లకూ గొర్రెలకూ దక్కాల్సిందన్నది అధికారుల వాదన. గడ్డి ఊడి నల్లమట్టి తేలిన నేలను చూసిన పశువుల కాపరులు చాలామంది దాన్ని నమ్మారు.

అసలు మలుపు 1999. పరిశోధకులు ఆండ్రూ స్మిత్, మార్క్ ఫాగిన్ ఆ ఏడాది తమ వ్యాసంలో వాదనను తలకిందులు చేశారు. పికాకు పొట్టి గడ్డే ఇష్టం, ఎందుకంటే దూరం నుంచే నక్కనూ డేగనూ చూడగలదు. మందలు మితిమీరి మేసిన చోట గడ్డి పొట్టిగా ఉంటుంది, పికాలు అక్కడ పెరుగుతాయి. అంటే నేల ముందు పాడైంది, పికా తర్వాత వచ్చింది. 2003లో లై అనే పరిశోధకుడు, స్మిత్ కలిసి విషం వేసిన చోట్లనూ వేయని చోట్లనూ పోల్చారు. విషం వేసిన చోట స్నోఫించ్ అనే చిన్న పక్షులు, గ్రౌండ్ టిట్‌లు బాగా తగ్గాయి. వాన నీళ్లు కూడా అక్కడ నేలలోకి తక్కువగా ఇంకుతున్నాయని 2015లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. యాంగ్జీ, పసుపు నది, మెకాంగ్ పుట్టే ప్రాంతమిది. కింద కోట్లమంది ఆ నీళ్ల మీదే బతుకుతున్నారు.

1999, 2003 నాటి పరిశోధనలు వచ్చాక కూడా, ఈ మూడు నదుల పుట్టుక ప్రాంతమైన సాంజియాంగ్‌యువాన్ కోసం 2005లో మొదలైన పరిరక్షణ పథకంలో పికా నిర్మూలన ఒక భాగమైంది. పికా ఒక్క వేసవిలోనే ఒకటికి మించి ఈతలు ఈనుతుంది. మేత తగ్గకపోతే గడ్డి పొట్టిగానే ఉంటుంది, కొన్నేళ్లకు పికాలు మళ్లీ నిండుతాయి, మళ్లీ విషం చల్లాలంటారు.