సూది కన్నా ముందు చేరవలసిన మాత్ర

"జబ్బు లేనివాడు హెచ్‌ఐవీ మందు ఎందుకు మింగాలి?" అని అమలాపురం నుంచి ఒక పాఠకుడు అడిగారు. మత్తు ఇంజెక్షన్లకు అలవాటుపడిన యువకుల మధ్య పనిచేసే ఆయన, హెచ్‌ఐవీ సోకకముందే వాడే ప్రెప్ అనే నివారణ మాత్ర పేరు కూడా వారిలో ఎవరూ వినలేదని రాశారు. ఆయన ప్రశ్నకూ, ఆ యువకులకు ఈ మాత్ర సంగతి ముందే తెలియాల్సిన అవసరానికీ సంబంధం ఉంది, అది ఆ మందు పనిచేసే తీరులోనే ఉంది.

హెచ్‌ఐవీ మన తెల్ల రక్తకణంలోకి చొరబడిన తరువాత తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసుకోవాలి. సుమారు 9,700 అక్షరాల ఆ ప్రతిని తయారుచేసేది రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైము. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో అరుగుల మీద కూర్చుని లేసు అల్లే స్త్రీల చేతులను దగ్గరగా చూసినవారికి ఈ పని సులువుగా అర్థమవుతుంది. కొక్కెం ఉన్న సూది ఒక కన్నులోంచి దారాన్ని లాగితే అది కొత్త కన్ను అవుతుంది. ప్రతి కన్నూ వెనుకటిదాన్ని పట్టుకుని, రాబోయేదానికి చోటిస్తుంది. డీఎన్‌ఏ ముక్కల్లో వెనుకకు పట్టుకునేది ఫాస్ఫేటు, ముందుకు చోటిచ్చేది 3-ప్రైమ్ హైడ్రాక్సిల్. ప్రెప్‌లోని టెనోఫోవిర్ అడెనిన్ అక్షరం వేషంలో వచ్చి అల్లికలో చేరుతుంది, కానీ దానికి ముందరి కన్ను లేదు. దానికి జోడుగా ఇచ్చే ఎమ్‌ట్రిసిటబిన్ సైటోసిన్ అక్షరం వేషంలో అదే పని చేస్తుంది. ఇక దారం లాగడానికి చోటు ఉండదు. తప్పు కుట్టు పడితే లేసు అల్లే మనిషి విప్పి సరిచేసుకుంటుంది. ఈ ఎంజైముకు తప్పులు దిద్దే భాగమే లేదు. పైరోఫాస్ఫేటు అనే చిన్న రసాయనం సాయంతో చివరి ముక్కను ఎప్పుడైనా ఊడదీసుకున్నా, తరువాతి అడెనిన్ చోటులో మళ్ళీ అదే మోసం ఎదురవుతుంది. మన కణాల్లో డీఎన్‌ఏను అల్లే ఎంజైములైన డీఎన్‌ఏ పాలిమరేజులు మాత్రం ఈ నకిలీని అంత తేలికగా స్వీకరించవు.

అయితే మింగిన రూపంలో టెనోఫోవిర్ పనిచేయదు. కణంలోపల దానికి రెండు ఫాస్ఫేట్లు తగిలి డైఫాస్ఫేటుగా మారాలి. ఆ రూపం సగానికి తగ్గడానికి దాదాపు 150 గంటలు పడుతుంది కనుక రోజూ మింగేకొద్దీ నిల్వ పెరుగుతుంది. పంచుకున్న సూదితో వైరస్ నేరుగా రక్తంలోకే వస్తుంది. ఆ వేళకు నిల్వ సిద్ధంగా ఉండాలి కాబట్టి, ఇంజెక్షన్ తీసుకునేవారికి అవసరమైనప్పుడు మాత్రమే మింగే పద్ధతిని సిఫారసు చేయరు. ప్రమాదం జరిగిన తరువాత 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే చికిత్స వేరు. ప్రెప్ సంగతి ప్రమాదం తరువాత తెలిస్తే, ఆ ప్రమాదానికి అది అక్కరకు రాదు.

ఈ మందు ఇంజెక్షన్ తీసుకునేవారిలో పనిచేస్తుందా అన్న సందేహం ఎప్పుడో తీరిపోయింది. బ్యాంకాక్‌లో 2005లో ప్రారంభించి 2,413 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. రోజూ టెనోఫోవిర్ ఇచ్చిన బృందంలో హెచ్‌ఐవీ సోకడం 48.9 శాతం తగ్గింది. రక్తంలో మందు జాడ కనిపించినవారిలో రక్షణ ఇంకా ఎక్కువ. అయినా ప్రెప్ ప్రచారం చాలా దేశాల్లో లైంగిక సంపర్కం చుట్టూనే తిరిగింది, సూది వాడేవారి దాకా రాలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. పైగా మన డెల్టా పల్లెల్లో సూది పడితేగాని జ్వరం దిగదన్న నమ్మకం ఇంకా పోలేదు. మాత్రకు అంత శక్తి ఉందని చెప్పినా నమ్మరు. సిరంజిని నీళ్ళతో కడిగితే చాలునన్నది అంతకన్నా ప్రమాదకరమైన నమ్మకం. బడిలో ఎయిడ్స్ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఈ రెండింటినీ పేరుపెట్టి ఖండించాలి.

ప్రెప్ మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. అప్పటికే వైరస్ ఉన్నవారికి రెండు మందులే ఇస్తే అది వాటికి లొంగకుండా మారవచ్చు. మూత్రపిండాలను, హెపటైటిస్-బిని కూడా పరీక్షించాలి. హెపటైటిస్-సిని ప్రెప్ ఆపలేదు కాబట్టి మాత్ర వాడుతున్నా ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి కావాలి. వాటిని అందించడం నేరం కాదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేసి అడగవచ్చు.