గురక పెట్టే పిల్లాడు హాయిగా నిద్రపోతున్నట్టేనా?

"నిద్రకేం లోటు లేదు డాక్టర్‌గారూ, పడుకున్నాడంటే గురకే! చెవి దగ్గర డప్పు కొట్టినా లేవడు." ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేకపోవడమనే సమస్య) ఉందేమోనని పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

అపోహ: గురక గాఢనిద్రకు గుర్తు.

వాస్తవం: జలుబు చేసి నాలుగు రోజులు గురక వస్తే కంగారు అక్కర్లేదు. జలుబు లేకపోయినా వారంలో మూడు రాత్రులో, అంతకు మించో వస్తుంటే మాత్రం చూపించాల్సిందే. పిల్లల్లో దీనికి ఎక్కువగా కారణం వాచి పెరిగిన టాన్సిల్స్, ముక్కు వెనకుండే ఎడినాయిడ్స్. గాలి దారి మూసుకుపోయిన ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి నిద్రను చెడగొడుతుంది. పిల్లాడు కళ్లు తెరవడు, పొద్దున్న వాడికేమీ గుర్తుండదు. లెక్కకు పది గంటలు పడుకున్నట్టే, నిద్ర మాత్రం ముక్కలు ముక్కలు.

"మరి పగలు తూగాలిగా?" అంటారు. పెద్దవాళ్లం తూగుతాం. పిల్లల్లో చాలామంది గెంతుతారు! కుదురుగా కూర్చోరు, ప్రతి చిన్నదానికీ చిరాకు, చెప్పిన పని సగంలో వదిలేస్తారు. టీచరు రాసి పంపే చీటీ చూస్తే అచ్చం ఏడీహెచ్‌డీయే.

ఒకమ్మ ఫోన్లో వీడియో చూపించింది. పడుకున్న తీరు ముద్దుగా ఉందని తీసిందట. ఏడేళ్ల పిల్లాడు, మెడ వెనక్కి విరిచి, నోరు తెరిచి గురక పెడుతున్నాడు. ఉన్నట్టుండి గురక ఆగింది. ఛాతీ మాత్రం లోపలికి గుంజుకుంటూనే ఉంది, చప్పుడు లేదు. కాసేపటికి ఉక్కిరిబిక్కిరై గాలి లాక్కుని పక్కకు తిరిగాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. ఈఎన్‌టీ డాక్టర్‌కీ, రాత్రంతా చేసే నిద్ర పరీక్షకీ ఆరోజే రాసిచ్చాను.

అపోహ: అయితే టాన్సిల్స్ తీయిస్తే ఏడీహెచ్‌డీ పోతుంది.

వాస్తవం: అంత తేలికైతే ఎంత బావుండు! స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఇలా ఊపిరి ఆగి ఆగి ఆడే సమస్య ఉన్న 5 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద అమెరికాలో జరిగిన చాట్ అనే అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. ఆపరేషన్ చేయించిన వాళ్లలో నిద్ర, ప్రవర్తన బాగుపడ్డాయి. ఏకాగ్రత పరీక్షల్లో మాత్రం, ఆపరేషన్ లేకుండా వేచిచూసిన పిల్లలకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు సమస్యలూ ఒకే పిల్లాడిలో ఉండొచ్చు, రెండింటికీ వైద్యం కావాలి. "ఏడీహెచ్‌డీ అనేదే లేదు, అంతా నిద్రలేమే" అనే రీల్స్ చూసి మందులు ఆపేసి వస్తుంటారు. ఆ రీల్స్ చేసేవాళ్ల మీద ఒళ్లు మండుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఏడీహెచ్‌డీ మందులే నిద్ర చెడగొడతాయా? మిథైల్‌ఫెనిడేట్ అనే మందు పొద్దుపోయాక వేస్తే నిద్ర ఆలస్యమవుతుంది నిజమే. డోసు, టైము మార్చి చూడొచ్చు, మీ డాక్టర్‌ని అడగండి. అయితే ఏడీహెచ్‌డీ పిల్లల్లో చాలామందికి మందు మొదలెట్టక ముందునుంచే నిద్రపట్టడం కష్టం. పడుకోగానే కాళ్లు లాగుతున్నాయని గింజుకునే పిల్లలకు హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూడాలి. లీటరుకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తాం. నిద్రకోసం వాడే మెలటోనిన్ విటమిన్ బిళ్ల కాదు, హార్మోను. పక్కింటివాళ్లు చెప్పారని వేయకండి. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, ఏడు గంటల నిద్ర నిజంగా సరిపోయే బడిపిల్లలు నాకింకా తారసపడలేదు.

"ఇన్నేళ్లూ పక్కనే పడుకుని కనిపెట్టలేకపోయాం" అని కుమిలిపోయేవాళ్లకు ఒక్క మాట: ఊపిరి ఇలా ఆగడం ఎక్కువయ్యేది తెల్లవారుజామున, మీరూ ఒళ్లెరగని నిద్రలో ఉండే వేళ. ఒకరోజు ఆ టైముకు అలారం పెట్టుకోండి. ఛాతీ కనబడేలా చొక్కా పైకి లాగి రెండు నిమిషాల వీడియో తీయండి. పక్క తడుపుతున్నాడా, చెమటలు పడుతున్నాయా, పొద్దున్నే తలనొప్పి అంటున్నాడా రాసిపెట్టుకోండి. రెండు వారాల పాటు పడుకున్న, లేచిన వేళలు కూడా. ఆ కాగితం, ఆ వీడియో, టీచరు చీటీ మూడూ పట్టుకుని రండి.