ఆగమన కాలం: ఏటా మా విచారణలో వినిపించే అపోహలు

క్రిస్మస్‌కు సిద్ధపడే ముందు నాలుగు వారాలనే మా కతోలికులం ఆగమన కాలం అంటాం. మా విచారణలో, అంటే ఒక గురువు (ఫాదర్) కింద ఉండే పల్లెల్లో, ఉపదేశిగా జ్ఞానోపదేశం (మత పాఠాలు) చెబుతుంటాను కాబట్టి నవంబరు దాటుతుండగానే నా దగ్గరికి ప్రశ్నలు వస్తాయి. ప్రశ్నలకు జవాబు చెప్పడం తేలికే. ఎవరూ అడగకుండానే నమ్మేసిన సంగతులతోనే చిక్కు.

అపోహ: ఆగమన కాలం డిసెంబరు 1న మొదలవుతుంది.

కేలండరు కంపెనీలు పెట్టిన తేదీ అది. పునీత అంద్రెయ పండుగ నవంబరు 30న వస్తుంది. దానికి దగ్గరి ఆదివారంతో ఆగమన కాలం, దానితో తిరుసభ (కతోలిక సంఘం) కొత్త ఏడాది మొదలవుతాయి. అందువల్ల తొలి ఆదివారం నవంబరు 27, డిసెంబరు 3 మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2026లో నవంబరు 29న వస్తుంది.

అపోహ: ఈ నాలుగు వారాలూ బాలయేసు పుట్టుక గురించే.

అన్నిటికంటే బలంగా పాతుకుపోయినది ఇదే. పశువుల పాక కథ విందామని మొదటి ఆదివారం పూజకు వచ్చినవారికి సువిశేషంలో (యేసు జీవితం, బోధ చెప్పే గ్రంథంలో) లోకాంతం, మెలకువగా ఉండండన్న హెచ్చరిక వినిపిస్తాయి. "పండుగ నెలలో ఈ భయపెట్టే మాటలెందుకండీ?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు కూడా. డిసెంబరు 16 వరకు ఆరాధన చూపు ప్రధానంగా ప్రభువు రెండో రాకడ మీద ఉంటుంది. 17 నుంచి 24 వరకు ఉన్న రోజులే నేరుగా ఆయన జననానికి సిద్ధం చేస్తాయి. ఆదివారాల వరుస కూడా అలాగే నడుస్తుంది: మొదట మెలకువ, తర్వాత రెండు వారాలు బాప్తిస్మ యోహాను, నాలుగో వారానికి గానీ మరియమ్మ, యోసేపు కనిపించరు.

ఆ యోహానును మనం తొందరగా దాటేస్తాం. లూకా సువిశేషం చదివే సంవత్సరంలో మూడో ఆదివారం జనం ఆయనను "మేమేం చేయాలి?" అని అడుగుతారు. ఆయన ఉపవాసాల పట్టిక ఇవ్వడు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలంటాడు. సుంకరులను నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దంటాడు. ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు కొనే నెలలో ఇంతకంటే సూటి మాట ఏముంటుంది?

ఇంట్లో ఏం చేయాలని అడిగేవారికి నేను చెప్పేది చిన్న పని: శనివారం రాత్రి జపమాల అయ్యాక మర్నాటి సువిశేషం ఒకరు పైకి చదవండి, మిగతావారు వినండి. 17 నుంచి 23 వరకు తిరుసభ సాయంకాల ప్రార్థనలో "ఓ జ్ఞానమా", "ఓ దావీదు తాళపుచెవీ", చివరి రోజున "ఓ ఇమ్మానుయేలూ" అంటూ రోజుకొక పిలుపుతో ప్రభువును రమ్మంటుంది. ఆ ఏడు పిలుపులను మీ కుటుంబ ప్రార్థనలోనూ కలుపుకోవచ్చు.

మరి పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు? పాపమని అనను. కానీ ఆగమన ఆదివారాల్లో మహిమగీతం ("ఉన్నతంలో దేవునికి మహిమ" అన్న పాట) పాడకుండా ఆపేది దేవదూతల ఆ పాట 24 రాత్రి కొత్తగా మోగాలనే. డిసెంబరు మొదటి వారంలోనే కేకు కోసి, పుట్టాడు పుట్టాడని గొంతు పోయేలా పాడేస్తే, అసలు రాత్రికి మనకు మిగిలేది బొంగురు గొంతే.

అపోహ: ఆగమనం రెండో తపస్సు కాలం (ఈస్టరుకు ముందు ఉపవాసాల కాలం) లాంటిది, మాంసం ముట్టకూడదు.

పూజలో గురువు వేసుకునే ఊదారంగు వస్త్రాలు చూసి అలా అనుకుంటారు. తిరుసభ చట్టం ప్రకారం ప్రాయశ్చిత్త దినాలు ఏడాది పొడవునా వచ్చే శుక్రవారాలు, తపస్సు కాలం మాత్రమే. 5వ శతాబ్దంలో గాల్ దేశంలో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) నవంబరు 11 నుంచి ఉపవాసాలుండేవారు, నిజమే. ఇష్టమున్నవారు ఇప్పుడూ ఉండవచ్చు, కానీ పక్కింటి కూరగిన్నెలోకి తొంగి చూడకూడదు.

అపోహ: పూజ మొదట్లో అందరం పశ్చాత్తాప ప్రార్థన చెబుతాం కదా, క్రిస్మస్ ముందు మళ్లీ పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఎందుకు?

ఆ ప్రార్థనకు పాపసంకీర్తన సంస్కారపు ఫలం లేదని పూజాగ్రంథ నియమాలే స్పష్టంగా చెబుతున్నాయి. ఘోర పాపాలను ఏడాదికి ఒకసారైనా ఒప్పుకోవాలన్నది చట్టం. అది కనీస హద్దు మాత్రమే. సామూహిక పశ్చాత్తాప ఆరాధన పెట్టినా ప్రార్థనలు అందరూ కలిసి చెబుతారు, పాపాలు మాత్రం ఎవరికివారే గురువు చెవిన వేయాలి.

ఇక్కడ కాస్త కఠినంగానే మాట్లాడతాను. ఒక్క గురువు, ఆయన కింద అన్ని పల్లెలు. అందరూ 24 సాయంత్రమే వరుస కడితే ఆయన ఎవరి మాట నిదానంగా వినగలరు? రెండో వారంలోనో మూడో వారంలోనో మామూలు రోజున వెళ్లండి. వెళ్లేముందు పుస్తకంలోని పాపాల జాబితా అప్పజెప్పడానికి కాక, మీ బతుకు చూసుకోవడానికి కూర్చోండి: అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా, ఎగ్గొట్టిన చీటీ డబ్బు, కూలివాళ్లకు బాకీ పడ్డ రోజులు, నెలల తరబడి మాటల్లేని కోడలు. తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వకుండా క్షమాపణ ఒక్కటే చాలనుకోవద్దు. పాటల బృందంలో సోలో ఎవరిదన్న గొడవ కూడా ఇందులోకే వస్తుంది. మా దగ్గర అది రాని డిసెంబరు లేదు.

ఆగమన ఆదివారానికి ఒకటి చొప్పున వెలిగించే నాలుగు కొవ్వొత్తుల పచ్చని వలయం గురించి రెండు మాటలు. ఆ కొవ్వొత్తులకు పెట్టిన నిరీక్షణ, శాంతి, ఆనందం, ప్రేమ అన్న పేర్లు ఆరాధన గ్రంథాల్లో విధించినవి కావు. ఈ ఆచారాన్ని 1839లో జర్మనీలోని హాంబర్గులో విఖెర్న్ అనే ప్రొటెస్టెంటు పాస్టరు మొదలుపెట్టారు, కతోలికులు 20వ శతాబ్దంలో అందుకున్నారు. దేవదారు కొమ్మలు దొరకకపోతే సరుగుడు రెమ్మలు చాలు. గులాబి రంగు కొవ్వొత్తి దొరకలేదని విజయవాడ దాకా పోనక్కరలేదు.

అపోహ: 24 రాత్రి పూజకు వెళితే ఆ ఆదివారం పూజ బాధ్యత కూడా చెల్లిపోతుంది.

24వ తేదీ ఆదివారమైన ఏడాదిలో వచ్చే సందేహం ఇది. 2023లో వచ్చింది, 2028లో మళ్లీ వస్తుంది. నాలుగో ఆదివారానికి ఒక పూజ, క్రీస్తు జయంతికి మరొకటి. ఒక్క పూజతో రెండూ తీరవు.

ఇక 26 ఉదయమే క్రిస్మస్ బొమ్మల పాక విప్పేసే అలవాటు. 24 సాయంత్రం మొదలైన క్రిస్మస్ కాలం ప్రభువు బాప్తిస్మ పండుగ దాకా ఉంటుంది. 2026 క్రిస్మస్‌కు అది 2027 జనవరి 10. ముగ్గురు జ్ఞానుల పండుగ అంతకు ముందు ఆదివారం, జనవరి 3న. వాళ్ల బొమ్మలు పెట్టెలోంచి బయటికి రాకముందే పాక అటక ఎక్కించకండి.