వడియాలు, వడగాడ్పులు, ఒక కార్చిచ్చు

"ఎండ యాభై డిగ్రీలకు చేరితే అడవి దానంతట అదే అంటుకుంటుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. కెనడాలోని లిట్టన్ అనే ఊరి సంగతి చదివాక ఆయనకు ఈ సందేహం వచ్చిందట. రావలసిన సందేహమే. 2021 జూన్ 27న ఆ ఊళ్లో 46.6 డిగ్రీలు నమోదైంది. మర్నాడు 47.9, ఆ మర్నాడు 49.6. అప్పటిదాకా కెనడా దేశం మొత్తానికి రికార్డు 45 డిగ్రీలు, అదీ 1937 నాటిది. నాలుగో రోజు, జూన్ 30 సాయంత్రం, ఊరే తగలబడిపోయింది. ఫ్రేజర్, థాంప్సన్ నదులు కలిసే చోట ఉన్న చిన్న పల్లె అది. రెండు నదులు పక్కనే పారుతున్నా పదింట తొమ్మిది వంతుల ఊరు బూడిదైంది. ఇద్దరు చనిపోయారు.

ఈ వరుస చూస్తే ఎండే అంటించిందని అనిపిస్తుంది. కానీ ఎండుటాకు అంటుకోవడానికి దాదాపు 300 డిగ్రీల వేడి కావాలి. మిట్టమధ్యాహ్నం బండరాయి మీద మనం కాలు పెట్టలేం గానీ, అదే బండ మీద రాలిన ఆకు మండదు.

ఇక్కడే ఒక పాత పాపం ఒప్పుకోవాలి. వేసవిలో వెదుళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని నిప్పు పుడుతుందని చిన్నప్పుడు మాకు పాఠంలా చెప్పారు. పెద్దయ్యాక నేనూ నాలుగైదేళ్లు పిల్లలకు అదే చెప్పాను. ఎవరైనా చూశారా అని ఒక్కసారి కూడా అడగలేదు. మన అడవుల్లో లేచే మంటల్లో అత్యధికం మనిషి పెట్టినవే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకులు తగలబెడతారు. తునికాకు చిగుళ్లు బాగా వేస్తాయని పొదలకు నిప్పు పెడతారు. దారిన పోయేవాడు ఆర్పని బీడీ ముక్క విసిరేస్తాడు. నేరం వెదురు మీదికి నెట్టేస్తే అందరికీ హాయి.

మరి ఎండ చేసేదేమిటి? ఆరబెడుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా లెక్కే. ఒక గ్రాము పొడి కట్టెను 30 డిగ్రీల నుంచి 300 డిగ్రీలకు తీసుకురావడానికి సుమారు 400 జౌల్‌ల వేడి కావాలి. ఆ కట్టెలో 30 శాతం నీరుంటే, ముందు ఆ నీటిని కాచి ఆవిరి చేయడానికి ఇంకో 760 జౌల్‌లు ఖర్చవుతాయి. ఐదు శాతమే ఉంటే 130 చాలు. అంటే తడి కట్టె నిప్పు దగ్గర వసూలు చేసే సుంకం, కట్టె అసలు ధర కన్నా ఎక్కువ. ఇప్పుడు గాలి 40 డిగ్రీల నుంచి 50కి పెరిగిందనుకోండి. దానివల్ల నేరుగా మిగిలేది 15 జౌల్‌లు, చిల్లర డబ్బులు. అసలు లాభమంతా నీరు పోవడంలో ఉంది.

నీరు ఎలా పోతుందో చూడాలంటే అడవికి వెళ్లనక్కర్లేదు, వడియాలు పెట్టిన మేడ మీదికి వెళ్లండి. తడి గుడ్డ మీద వరుసగా పెట్టిన గుమ్మడి వడియం అంచులు పదింటికల్లా తెల్లబడతాయి. మధ్యలో వేలు పెడితే సాయంత్రానికి కూడా మెత్తగానే ఉంటుంది. పైపొరలోని నీటిని గాలి లాగేసుకుంటుంది. లోపలి నీరు పైకి రావాలంటే అంగుళం అంగుళం పాకి రావాలి. మందం రెట్టింపైతే ఆరడానికి పట్టే కాలం రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలు. పల్చటి సగ్గుబియ్యం వడియం ఒక్క ఎండకు పెళపెళలాడుతుంది. లావుగా పెట్టిన మినప వడియానికి మూడు నాలుగు ఎండలు కావాలి. మా అమ్మమ్మకు ఈ వర్గ సూత్రం తెలియదు గానీ, లావుగా పెట్టిన కోడలిని ఏమనాలో తెలుసు.

అమెరికా అటవీ శాస్త్రజ్ఞులు అడవిలో పడి ఉన్న ఎండు పుల్లలను సరిగ్గా ఈ లెక్కతోనే విడదీస్తారు. పెన్సిలు కన్నా సన్నని పుల్లలు, ఆకులు, గడ్డి 'ఒక గంట' ఇంధనం. బొటనవేలు లావు కొమ్మ వరకు 'పది గంటలు'. రోకలి లావు వరకు 'వంద గంటలు'. అంతకు మించి ఇరవై సెంటీమీటర్ల మొద్దు దాకా 'వెయ్యి గంటలు'. ఆ గంటలు గడిచేసరికి ఆరవలసిన దాంట్లో 63 శాతం ఆరుతుందని అర్థం. ఇప్పుడు దీన్ని వడగాడ్పులకు వేసి చూడండి. గాడ్పులు రెండు రోజులే ఉంటే రోకలి లావు కొమ్మ 38 శాతం ఆరుతుంది, మొద్దు 5 శాతమే. పది రోజులుంటే కొమ్మ 91 శాతం, మొద్దు 21 శాతం. నలభై రోజులు సాగితే మొద్దు కూడా 62 శాతానికి చేరుతుంది. ఎండ ఎంత తీవ్రమన్న దానికన్నా ఎన్నాళ్లన్నదే నన్ను భయపెడుతుంది. ఆకులను ఎండబెట్టడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. మొద్దులను ఎండబెట్టేది ఒక సుదీర్ఘ వేసవి.

గాలి దాహం గురించి కూడా చెప్పాలి. ఘనపు మీటరు గాలిలో 20 డిగ్రీల దగ్గర 17 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. 30 దగ్గర 30 గ్రాములు, 40 దగ్గర 51. పదేసి డిగ్రీలకు దాదాపు రెట్టింపు. వార్తల్లో 'తేమ 30 శాతం' అని చెబుతారు. ఆ శాతం 20 డిగ్రీల దగ్గర ఉంటే గాలిలో ఇంకా 12 గ్రాములకే చోటుంది. 40 దగ్గర అదే 30 శాతమంటే 36 గ్రాములకు చోటుంది. శాతం ఒక్కటే, దాహం మూడింతలు. ఈ ఖాళీని పీడనంలో కొలిచి 'ఆవిరి పీడన లోటు' అంటారు. వడియాన్ని పీల్చేదీ అదే, అడవిని పీల్చేదీ అదే. తేమ శాతాన్ని చదివి వినిపించడం మానేసి ఈ లోటు చెబితే జనానికి ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

రాత్రి సంగతి ఎవరూ పట్టించుకోరు. ఎండు పుల్లలు ఆరడమే కాదు, చల్లబడితే గాలిలోంచి తేమ తిరిగి తాగుతాయి. రాత్రి మేడ మీద వదిలేసిన వడియాలు తెల్లారేసరికి మెత్తబడేది అందుకే. మంటలార్పేవాళ్లు ఈ చల్లదనం కోసమే ఎదురుచూస్తారు. చీకటి పడ్డాక మంట నెమ్మదిస్తుంది, వాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. వడగాడ్పుల్లో రాత్రులు కూడా వేడిగానే ఉంటాయి కాబట్టి పుల్లకు పోయిన నీరు తిరిగి రాదు. మర్నాడు ఎండ మొదటి నుంచి మొదలెట్టనక్కర్లేదు, నిన్న ఆపిన చోట అందుకుంటుంది. లిట్టన్ ఆకాశం మీద అధిక పీడనం మూతలా కూర్చుని చేసిన పని ఇదే. ఆ మూత ఎలా ఏర్పడిందన్నది వేరే పెద్ద కథ. చివరికి కావలసింది ఒక నిప్పురవ్వ, కనుమలోంచి వీచే ఒక గాలి. ఆ రోజు రెండూ ఉన్నాయి.

కెనడావాళ్లు అగ్ని ప్రమాదాన్ని అంచనా వేయడానికి దశాబ్దాలుగా మూడు ఖాతాల పద్ధతి వాడుతున్నారు. రోజూ మధ్యాహ్నం పన్నెండింటి ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, గడచిన 24 గంటల వాన తీసుకుంటారు. పైన రాలిన ఆకుల తడికి ఒక ఖాతా, అది పదహారు గంటల్లో మారిపోతుంది. దాని కింద కుళ్లుతున్న పొరకు ఇంకొకటి, దానికి పన్నెండు రోజులు. అడుగున గట్టిపడిన పొరకు మూడోది, దానికి యాభై రెండు రోజులు. చిల్లర డబ్బా, పొదుపు ఖాతా, పొలం పత్రాలు అనుకోండి. ఒక జల్లు పడితే చిల్లర డబ్బా నిండుతుంది, పొలం తిరిగి రాదు.

మన దగ్గర కథ కొంచెం వేరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి గానీ అడవి మంటలు అప్పటికే చాలావరకు అయిపోయి ఉంటాయి. నల్లమల వంటి ఆకురాల్చే అడవుల్లో ఫిబ్రవరి, మార్చిలో టేకాకులు రాలి నేలంతా పరుచుకుంటాయి, గడ్డి పసుపుపచ్చగా మారుతుంది. మంట పెట్టడానికి సరుకు అప్పుడే సిద్ధం. 2014లో తిరుమల దగ్గర శేషాచలం కొండలు అంటుకుని వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది మార్చిలోనే. మన మంటలు ఎక్కువగా నేల మీద పాకేవి. సిబ్బంది పచ్చి కొమ్మలతో కొట్టి, యంత్రాలతో ఆకులు ఊది మంట దారి తెంపి ఆపగలరు. చిక్కంతా మొద్దులతోనే. పైన మంట ఆరినా లోపల పిడకలా రాజుకుంటూ ఉంటుంది. మూడో రోజు గాలి వీచాక మళ్లీ లేస్తుంది. ఎండలు ఎంత ముందు మొదలై ఎంత కాలం సాగితే, అలాంటి మొద్దులు అంత ఎక్కువ.

ఈ వేసవిలో నేనొక చిన్న పని చేశాను. వేపచెట్టు కింద దొరికిన సన్నటి పుల్లల గుప్పెడు ఒకటి, రోకలి లావు ఎండు కొమ్మ ముక్క ఒకటి మేడ మీద పెట్టి, వంటింటి త్రాసుతో ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి తూచాను. పుల్లల బరువు మధ్యాహ్నానికి తగ్గేది, తెల్లారేసరికి కొంత పెరిగేది. ఉదయం వంచితే వంగేవి, మధ్యాహ్నం టక్కున విరిగేవి. కొమ్మ మాత్రం రోజుకు కాస్త చొప్పున తగ్గుతూనే పోయింది. నెలాఖరులో ఒక సాయంత్రం ఉరుములతో పావుగంట జల్లు కురిసింది. వీధిలో అందరూ "హమ్మయ్య" అన్నారు. నేను పైకి వెళ్లి చూశాను. పుల్లలు వంగుతున్నాయి. కొమ్మను గుడ్డతో తుడిచి, కత్తితో చీల్చాను. పైన గోరంత మందాన తడి. లోపల పొడి పొడిగా, తెల్లగా ఉంది.