ర్యోకాన్‌లో ‘సర్దుకుంటాం’ అంటే కుదరదండీ

నిన్న రాత్రి మళ్ళీ అదే మెసేజ్. “మేడమ్, రూమ్ ఇద్దరికని బుక్ చేశాం. పిల్లలిద్దరూ మా పక్కనే పడుకుంటారు, సర్దుకుంటాం. స్కీయింగ్ చూసుకుని నిదానంగా వస్తాం. మేం వెజ్, అక్కడికెళ్ళాక చెప్తాం.”

జపాన్‌లోని నగానో కొండల్లో, నొజావా ఒన్సెన్ అనే ఊళ్ళో ఒక పాత ర్యోకాన్ (జపాన్ సంప్రదాయపు సత్రం) రిసెప్షన్‌లో నాలుగు శీతాకాలాలు పనిచేశాను. ఇప్పుడు మనవాళ్ళకి జపాన్ స్కీ ట్రిప్పులు ప్లాన్ చేసిపెడుతున్నాను. పై మెసేజ్‌లో ఉన్న పొరపాట్ల వల్ల డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళని లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

అపోహ: ర్యోకాన్ అంటే చాపలు పరిచిన హోటల్. గది తీసుకుంటే ఎలాగోలా సర్దుకోవచ్చు.

ర్యోకాన్‌లో సాధారణంగా ధర గదికి కాదు, మనిషికి. రాత్రి భోజనం, పొద్దున టిఫిను, పడుకోవడానికి ఫుతోన్ (నేల మీద పరిచే పరుపు), ఒన్సెన్, అంటే వేడినీటి బుగ్గల్లో స్నానం అన్నీ అందులోనే. ‘ఒక రాత్రి, రెండు పూటలు’ అన్నది వాళ్ళ లెక్క. మనిషికి 20,000 యెన్లు అని ఉంటే ఇద్దరికి 40,000. దీనికి తోడు స్నానపు పన్ను, చాలా ఊళ్ళలో తలకి 150 యెన్లు. పిల్లల రేటు వేరు. పెద్దల భోజనమా, పిల్లల పళ్ళెమా, ఫుతోన్ ఒక్కటేనా, ఏదీ వద్దా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఏమీ తినని చంటిపిల్లని కూడా బుకింగ్‌లో చూపించాల్సిందే.

పెళ్ళివంటకి విస్తళ్ళ లెక్క ముందే చెప్తాం కదా, అదే పద్ధతి. మా వంటాయన మూడు రోజుల ముందే మనుషుల్ని లెక్కపెట్టి సరుకు తెప్పించేవాడు. ఒక్కొక్కరి ముందు పదీ పన్నెండు చిన్న గిన్నెలు. అందులో ఒకటి తగ్గినా పెరిగినా ఆయన ముఖం చూడలేకపోయేవాళ్ళం.

రెండో ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆరుగురు, వాళ్ళలో ఒక పెద్దావిడ. ఈయామా స్టేషన్లో బుల్లెట్ రైలు షింకన్‌సెన్ దిగితే ఊరికి బస్సులో పాతిక నిమిషాలే. కానీ చివరి బస్సు పోయింది, టాక్సీ దొరికేసరికి ఆలస్యమైంది. రాత్రి ఎనిమిది నలభైకి బూట్ల నిండా మంచుతో తలుపు తీశారు. మా దగ్గర భోజనం ఆరున్నరకి. ఆరు పళ్ళేలు సర్ది, చిన్న పొయ్యిల మీద కుండలు పెట్టి, అగ్గిపుల్ల గీయకుండా రెండు గంటలు కూర్చున్నాం. వచ్చాక తెలిసింది, వాళ్ళు శాకాహారులని. ఆ కుండల్లో ఉన్నది పంది మాంసం.

వంటాయన అప్పటికే ఇంటికెళ్ళిపోయాడు. ర్యోకాన్ యజమానురాలు, ఒకామి అంటారు, మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ చెప్తోంది, తప్పు తనది కాకపోయినా. నేను వంటింట్లోకెళ్ళి వేడి అన్నం, ఉమెబొషి తెచ్చి పెట్టాను. ఉప్పులో ఊరేసిన ఒక రకం పండు అది. పెద్దావిడ ఒకటి చప్పరించి, “ఊరేసిన ఉసిరికాయలానే ఉందే” అని ఇంకోటి అడిగింది. ఆవిడ ఒక్కతే నవ్వుతూ తిన్నది. బిల్లు మాత్రం ఆరుగురికి, రెండు పూటలకి, ఒక్క యెన్ తగ్గకుండా.

కాబట్టి మధ్యాహ్నం మూడు నుంచి ఐదులోపు చేరండి. మంచుకి రైలు ఆలస్యమైతే దారిలోంచే ఫోన్ చేయండి, ఎవరూ కోప్పడరు. ఎలాగూ ఆలస్యమవుతుందని ముందే తెలిస్తే భోజనం లేని ప్లానో, టిఫిను మాత్రం ఉన్న ప్లానో తీసుకోండి. అయితే సీజన్లో ఊళ్ళోని చిన్న హోటళ్ళు కిటకిటలాడతాయి, అక్కడా టేబుల్ ముందే చెప్పుకోవాలి.

అపోహ: ‘వెజిటేరియన్’ అని రాస్తే చాలు.

ఇది ఇంకా పెద్ద తలనొప్పి. ఆ మాటకి చాలామంది వంటవాళ్ళు మాంసం ముక్క లేకపోతే చాలనుకుంటారు. అసలు సంగతి దాషిలో ఉంది. మనకి చారుకి చింతపండు రసం ఎలాగో, వాళ్ళ వంటకి దాషి అలాగ. ఎక్కువగా కత్సువోబుషితో కాస్తారు. చేపని ఉడికించి, పొగబెట్టి, కర్రలా ఎండబెట్టి, దాన్ని పల్చటి పొరలుగా గీకితే వచ్చేదే కత్సువోబుషి. మిసో సూపులో అదే, ఉడికించిన ముల్లంగిలో అదే, వంకాయ టెంపురా (పిండిలో ముంచి వేయించిన ముక్కలు) ముంచుకునే పులుసులోనూ అదే. చూడ్డానికి అంతా కూరగాయలే! “వెజ్ అన్నారు, మోసం చేశారు” అని నన్ను తిట్టినవాళ్ళున్నారు. ఎవరూ మోసం చేయలేదు, మీరు అడగలేదు, వాళ్ళకి తట్టలేదు.

బుక్ చేసేముందే జపనీస్‌లో మెయిల్ పెట్టండి: మాంసం వద్దు, చేప వద్దు, చేప దాషి కూడా వద్దు, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన దాషి పర్వాలేదు, గుడ్డు తింటామా లేదా, పాలు తాగుతామా లేదా. కుదరదని జవాబొస్తే బాధపడకండి, నిజం చెప్పినందుకు సంతోషించండి. ఉల్లి, వెల్లుల్లి కూడా తిననివాళ్ళయితే నేను నగానో నగరంలోని జెంకోజి గుడి దగ్గరి సత్రాల వైపు పంపిస్తాను. అక్కడి షోజిన్ వంట బౌద్ధ సన్యాసుల పద్ధతిలోది, అందులో ఉల్లి, వెల్లుల్లికి చోటు లేదు. అక్కడి నుంచి మంచు కొండలకి పగలు వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

అపోహ: బట్టల్లేకుండా అందరి ముందూ స్నానం చేయాలి, మనవల్ల కాదు.

ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. మొదటిసారి నేనూ బట్టలు మార్చుకునే గదిలో పావుగంట నిలబడి వెనక్కి వచ్చేశాను. ఆడవాళ్ళకి, మగవాళ్ళకి తొట్లు వేరు వేరు. స్విమ్‌సూట్ వేసుకుంటే దిగనివ్వరు. మర్నాడు పొద్దున ఐదింటికి వెళ్ళాను. ఆవిరి, బయట మంచు, పక్కింటి బామ్మ ఒక్కతే. చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా కడుక్కుని, జుట్టు పైకి కట్టుకుని, తువ్వాలు తలమీద పెట్టుకుని దిగాను. బామ్మ నా వంక చూసింది. చల్లనీళ్ళ కుళాయి తిప్పమంటావా అని అడగడానికి! నొజావా నీళ్ళు అంత వేడి. ఊరివాళ్ళే చూసుకునే 13 ఉచిత స్నానశాలలున్నాయక్కడ. అందరినీ అడిగాకే కుళాయి తిప్పాలి. అప్పటికీ మనసొప్పకపోతే గంట లెక్కన అద్దెకిచ్చే సొంత తొట్టి చాలా ర్యోకాన్లలో ఉంటుంది. దాన్నీ ముందే చెప్పుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఒన్సెన్‌లో దిగితే షుగర్ తగ్గుతుందన్న వాట్సాప్ మెసేజ్‌ని డిలీట్ చేయండి. 1948 నాటి చట్టం ఒన్సెన్ అనడానికి భూమిలోంచి వచ్చేటప్పుడు నీళ్ళు 25 డిగ్రీలుండాలనో, ఫలానా ఖనిజాలు ఇంతుండాలనో చెప్పింది, షుగర్ మాట ఎత్తలేదు. బీపీ, గుండె సమస్య ఉంటే డాక్టర్ని అడిగే దిగండి. స్కీయింగ్ నుంచి రాగానే నీళ్ళు తాగి, ఐదు, పది నిమిషాలు మించకుండా ఉండండి. మందు తాగి అసలు దిగొద్దు. టాటూ ఉంటే చాలాచోట్ల రానివ్వరు. మోచేతి మీద పచ్చబొట్టున్న అమ్మమ్మ వస్తుంటే ఆ ఫొటో పెట్టి అడగండి, చిన్నదయితే స్టిక్కర్‌తో సరిపోవచ్చు. యుకాతా, అంటే అక్కడ ఇచ్చే పల్చటి కిమోనో, కట్టుకునేటప్పుడు ఎడమ కొంగు పైకి రావాలి, కుడిది పైకొస్తే శవానికి కట్టినట్టు.

వెండి మెట్టెలు, పట్టీలు గదిలోనే పెట్టి వెళ్ళండి. నొజావా, జావో లాంటి చోట్ల నీళ్ళలో గంధకం ఉంటుంది, ఒక్క మునకకే బొగ్గులా నల్లబడతాయి. ఒకావిడ అపశకునమని ఏడ్చేసింది పాపం. వంటింట్లోంచి అల్యూమినియం ఫాయిల్, వంటసోడా తెచ్చి, వేడినీళ్ళలో వేసి, మెట్టెలు ఆ రేకుకి తగిలేలా పెట్టాను. పది నిమిషాలకి కుళ్ళిన గుడ్డు వాసనతో పాటు తెలుపు తిరిగొచ్చింది.

అన్నట్టు చెప్పులు. గుమ్మంలో బూట్లు విప్పాలి, తతామి చాప మీదికి ఇంటి స్లిప్పర్లతో కూడా ఎక్కకూడదు, టాయిలెట్ స్లిప్పర్లు టాయిలెట్లోనే వదలాలి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆ టాయిలెట్ స్లిప్పర్లతోనే భోజనాల గదిలోకి నడిచి, ఇరవై మంది అతిథుల ముందు వంగి స్వాగతం చెప్పాను.